ఏ గాలికి ఆ సందు, అత్తా?

అత్తా, ఎలా ఉన్నావు?

పోయినవాళ్ళను ఇలా అడగొచ్చో లేదో నాకు తెలియదు. నువ్వైతే "ఓలమ్మో, సచ్చినోల్లకి కూడా రోగాలొస్తాయేటే గుంటా" అని నవ్వేదానివి. నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. నీ సంవత్సరీకం పెట్టేశాం. అప్పటికే మళ్ళీ వానలు కూడా వచ్చేశాయి. ఊళ్ళోకి కరెంటు స్తంభాలు వచ్చాయి కానీ దీపం ఇంకా రాలేదు. కాకులు మాత్రం వాటిమీద హాయిగా కూర్చుంటున్నాయి.

నీకు చదువు రాదు కదా. ఎవరి ఉత్తరం వచ్చినా నాచేత చదివించుకునేదానివి. మధ్యలో ఆపి, "ఆ మాట మల్లీ సదువు" అనేదానివి. ఇదీ నేనే చదివి వినిపిస్తాను, సాలలో కూర్చుని. ఈ ఉత్తరమంతా మన పశువుల సాల గురించే మరి.

నీతో ఒక్క మాట తేల్చుకోవాలి అత్తా. గాలి అనే మాట. నువ్వు ఉన్నన్నాళ్ళూ ఆ మాట అంటూనే ఉన్నావు, నేను వింటూనే ఉన్నాను. అదేమిటో ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు... ఇప్పుడు అడగడానికి నువ్వు లేవు.

నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజులు గుర్తున్నాయా? పొద్దున్నే పేడ తియ్యడానికి నన్ను వెంటబెట్టుకుని సాల దగ్గరికి తీసుకెళ్ళావు. నేను తలుపు తీసి గభాలున లోపలికి పోబోతే రెక్క పట్టుకుని లాగావు. "తలుపు తీసి పక్కకి తప్పుకో గుంటా. ముందు గాలిని ఎల్లనీ. అదెల్లినాకే మనం" అన్నావు.

నేను హడలిపోయాను! మా పుట్టిల్లు నౌపడ కదా. ఉప్పుమళ్ళ దగ్గర పుట్టిన వాళ్ళకి గాలి అంటే ముందు గుర్తొచ్చేది వీచే గాలే. పొడిగాలి వీస్తే ఉప్పు బాగా పండుతుంది, మా నాన్న ముఖం వెలుగుతుంది. కానీ నువ్వు గొంతు తగ్గించి, నన్ను పక్కకి లాగి ఆ మాట అన్నావు. దాంతో అది ఇంకో గాలి అనుకున్నాను. పిల్లలకి సోకే గాలి. బాలింతలు భయపడే గాలి. పైట కొంగు నిండా కప్పుకుని గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. లోపల నుంచి ఏదో వెచ్చగా, ఘాటుగా వచ్చి మొహానికి తగిలి పోయింది.

ఇంకో మాట కూడా అనేదానివి. సాల గోడలకీ తాటాకు చూరుకీ మధ్య చుట్టూరా జానెడు సందు ఉండేది కదా... మనింట్లో అందరికీ ఆ సందు మీదే కన్ను. కొడవలి అక్కడే, చీపురు అక్కడే, చిరిగిన గోనెలు అక్కడే. చూశావంటే చాలు, అన్నీ లాగి వాకిట్లో పారేసేదానివి. "సూరు కింద ఏటీ ఎట్టకండి. గాలికి దారుండాల" అని ఇల్లెగిరిపోయేలా అరిచేదానివి. దయ్యాలకి దారి వదిలే మనిషిని నిన్నే చూశానని నేను మనసులో అనుకునేదాన్ని.

పోయినేడు ముసురు పట్టినప్పుడు ఎర్రెద్దుకి కాలు వాచింది. నువ్వు సాలలోనే మకాం పెట్టావు. కాపడం నేను పెడతానంటే విన్నావా? "నువ్వెల్లి అన్నం వొండు, ఆడికి నాను సాలు" అన్నావు. ఎద్దు లేచింది. నువ్వు మంచం పట్టావు. దగ్గు, జ్వరం... ఆ తర్వాతది నీకు చెప్పక్కర్లేదు.

నీ కొడుకు మాత్రం ఒకటే పట్టుకున్నాడు. ఆ సందులోంచి కొట్టిన చలిగాలే వాళ్ళమ్మని తీసుకుపోయిందని. వేసవి రాగానే మట్టి తెచ్చాడు, గడ్డి కలిపాడు, తొక్కాడు. చూరుని తాకేదాకా గోడలు లేపేశాడు. గవాక్షం పూడ్చేశాడు. పాతపట్నం నుంచి వడ్రంగిని పిలిపించి సందు లేకుండా పలకల తలుపు బిగించాడు. మట్టి తొక్కుతూ ఏడుస్తున్నాడత్తా. అలా ఏడుస్తున్న మనిషిని ఇది ఎందుకు, అది ఎందుకు అని అడగగలనా?

ఊరంతా వచ్చి మెచ్చుకున్నారు. పశువులకి పెళ్ళిల్లు కట్టించావురా అన్నారు. నాకూ ముచ్చటగానే ఉంది, అబద్ధం ఎందుకు? లోపలికి ఒక్క చినుకు రాదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

వానలు పడ్డాయి. మన ఆవు లచ్చికి పుట్టిన దూడ దగ్గడం మొదలుపెట్టింది. దూడ దగ్గడం ఎప్పుడైనా విన్నావా నువ్వు? ముసలివాళ్ళు దగ్గినట్టే ఉంటుంది. పశువుల డాక్టరు మందిచ్చాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్ళీ మొదలైంది, దూడ పోయింది. లచ్చి దాన్ని నాకుతూనే ఉంది... వద్దులే, ఆ సంగతి నీకు చెప్పలేను.

తర్వాత మంగ వంతు. నువ్వు చేత్తో పెంచిన గేదె, చూలుతో ఉంది, నెల తిరిగేలోపు ఈనాలి. సాయంత్రం సాలలోకి తోలితే రాదు! గుమ్మం దగ్గర కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోతుంది. నలుగురం నెట్టి లోపలికి తోలితే, కొత్త తలుపు కింద సన్నటి చీలిక ఒక్కటి మిగిలింది, అక్కడికి వచ్చి ముట్టె ఆనించి పడుకుంటుంది. కళ్ళంట నీళ్ళు. మేత సగానికి పడిపోయింది.

అప్పుడు నీ తోటికోడలు, మన పక్కింటి చిన్నత్త, ఒక మాట పుట్టించింది. మంగకి లోపల ఎవరో కనిపిస్తున్నారట. ఎవరో కాదు, నువ్వేనట! జబ్బు పడింది సాలలోనే కాబట్టి సాలలోనే గాలివై ఉండిపోయావట. ఎద్దుకి బదులు నువ్వు పోయావు కాబట్టి ఇప్పుడు ఒక్కొక్క పశువునీ తీసుకుపోతావట.

నాకు ఒళ్ళు మండిపోయింది. దూడకి పాలు మిగల్చకుండా పితికితే నా చెయ్యి మీద కొట్టిన మనిషివి. నువ్వు దూడని తీసుకుపోతావా? చిన్నత్తతో ఆ పూటే గొడవ పెట్టుకున్నాను. ఇప్పటికీ మా మధ్య మాటల్లేవు. ఉప్పు కావాలన్నా గోడవతల నుంచి గిన్నె చాపుతుందే తప్ప నోరు విప్పదు.

కానీ మాట పుట్టాక ఆగుతుందా? రేవు దగ్గర అదే, సంతలో అదే. అమావాస్యకి మంత్రగాడిని పిలవాలన్నారు. వాడొచ్చి ఏం చేస్తాడో తెలుసా? నిన్ను కొత్త కుండలోకి పిలిచి, మూత బిగించి, ఊరి పొలిమేర అవతల పాతేస్తాడట!

నిన్ను, కుండలో! ముసురులో కూడా తలుపు వెయ్యనివ్వక అరుగు మీద పడుకున్న మనిషివి నువ్వు. "తలుపేస్తే నాకు ఊపిరాడదే" అనేదానివి. అలాంటిది నీమీద మూత పెడతారా?

నీ కొడుకు ఏమన్నాడనుకున్నావు? ఏమీ అనలేదు. సరే అనలేదు, వద్దనలేదు. పొద్దుగూకే వేళ సాల గుమ్మంలో ఒక్కడే నిలబడి లోపలికి చూస్తూ ఉండేవాడు. కొన్నాళ్ళకి నాకు అర్థమైంది. నువ్వు లోపల ఉన్నావంటే అతనికి భయం లేదు. ఉంటే బాగుండు అనే ఉంది. ఆ మనిషితో నువ్వు లేవని నేను ఎలా వాదించను?

అందుకే ఎవరితోనూ వాదించకుండా ఒక పని చేశాను. సాలలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, మంగ పక్కన కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నమేలే, భయపడకు. నువ్వు ఉంటే నాకు కనిపించవా, ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర బతికాం కదా అనుకున్నాను.

నువ్వు కనిపించలేదు. కళ్ళు మండాయి. ముక్కు మండింది. మూత్రం ఘాటు గొంతులోకి దిగింది. నాకూ దగ్గు వచ్చింది, అచ్చం దూడ దగ్గినట్టే. కాసేపటికి మెడ మీద టప్పున ఒక చుక్క పడింది. కెవ్వుమన్నాను! మంగ నావైపు తిరిగి చూసింది, ఇది కూడా భయపడుతోందా అన్నట్టు.

పైకి చూస్తే వాసాల నిండా చుక్కలు. ఆ రోజు వాన లేదత్తా. ముందురోజు కూడా లేదు. మరి ఆ నీళ్ళు ఎక్కడివి? చేత్తో తడిమాను, చల్లగా ఉన్నాయి. గోడ కూడా తడి. వాసన చూశాను, వాన నీటి వాసన కాదు. ఇంట్లోకి వచ్చి అన్నం వారుస్తూ కూడా అదే ఆలోచన. గిన్నె మూత తీసి పక్కన పెట్టబోయాను... మూత కింద అవే చుక్కలు.

మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అన్నం కాస్త మెతకైపోయింది, నీ కొడుకు అలాగే తిన్నాడు పాపం. అంటే ఆ నీళ్ళు పశువుల ఊపిరేనా? అవి వదిలిన ఊపిరే పైకెళ్ళి, దారి లేక, మళ్ళీ వాటి మీదే పడుతోందా? ముందు నీకు కుండ, మూత అన్నారు. చూడబోతే మంగనీ ఎడ్లనీ మనం ఎప్పుడో కుండలో పెట్టేశాం!

సాయంత్రం దోమలకి పిడకల పొగ వేస్తాం కదా. వేపాకు వేసి, తలుపు దగ్గరగా వేసి, ఈసారి పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నాను. పైకి వెళ్ళింది. కప్పు తాకింది. అటూ ఇటూ తిరిగింది. మెల్లగా దిగి వచ్చి ఎడ్ల మూపుల మీద కూర్చుంది. ఇంతకుముందు పొగ ఇలా ఉండేదా? పొద్దుగూకేసరికి మన సాల చూరు చుట్టూరా పొగ చిమ్ముతూ ఉండేది కదా! దారిన పోయేవాళ్ళు, సాల కూడా మీ అత్తలాగే చుట్ట కాలుస్తోందమ్మా అని నన్ను ఏడిపించేవారు.

నీ కొడుకు కోటబొమ్మాళి సంతకి వెళ్ళిన రోజు గునపం తీశాను. తిడతాడా, కొడతాడా అని ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేను. రోలు తిరగేసి దానిమీద ఎక్కి, పడమటి గోడ తల మీద పోటు వేశాను. అతను ఏడుస్తూ తొక్కిన మట్టి కదా, గట్టిగానే ఉంది. ఒక్కొక్క పెళ్ళా ఊడుతుంటే నాకూ ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా జానెడు తెరిచేశాను.

పొగ వేశాను. బయటికి పోతే ఒట్టు! పడమటి గాలి ఆ సందులోంచి లోపలికి కొట్టి, పొగనంతా గిరగిరా తిప్పి నా మొహాన కొట్టింది. మంగ తాడు తెంపుకున్నంత పని చేసింది. గోడ పడగొట్టేశాను. పొగ పోలేదు. అమావాస్య దగ్గరికొచ్చేసింది. మొగుడు వచ్చేవేళ అవుతోంది. ఏం చెప్పను?

అప్పుడు నీ చుట్ట గుర్తొచ్చింది.

అడ్డపొగ కాల్చేదానివి కదా, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నాకు అది ఎప్పుడూ వింతే. నాలుక ఎలా కాలదత్తా అని అడిగాను ఒకసారి. చుట్ట తీసి, బూడిద దులిపి, నాకు పాఠం చెప్పినట్టు చెప్పావు. "మూతి మూల కూసింత తెరిసుండాలే గుంటా. ఈ పక్క నుంచి గాలొస్తాది, ఆ పక్క నుంచి పొగెల్తాది. ఒక్క దారయితే నోరు బుగ్గైపోతాది."

ఒక్క దారి చాలదు! రోలు దొర్లించుకుంటూ తూర్పు గోడ దగ్గరికి పరిగెత్తాను. సగం తెరిచేసరికి బండి వచ్చి వాకిట్లో ఆగింది. నీ కొడుకు ఉప్పు మూట భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాడు. నేను రోలు మీద, చేతిలో గునపం, ఒళ్ళంతా మట్టి. అతను కట్టిన గోడ కింద కుప్పపడి ఉంది.

నేను దిగలేదు, గునపం దించలేదు. మిగతా సగం కూడా తెరిచేశాను. తర్వాత దిగి లోపలికెళ్ళి పొయ్యి నిప్పు తెచ్చి, పిడకల మీద వేసి, గుప్పెడు వేపాకు వేసి, బయటికి రా అని అతని చెయ్యి పట్టుకుని తూర్పు వైపుకి లాక్కెళ్ళాను.

ముందు ఏమీ లేదు. తర్వాత చూరు కింద ఒకచోట నీలంగా కొంచెం. తర్వాత ఇంకోచోట. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరిదాకా... మెల్లగా, తీరిగ్గా, పాత రోజుల్లో లాగే.

నీ కొడుకు మూట దించాడు. "అమ్మ సుట్ట కాల్సి పొగొదులుతన్నట్టున్నాదే" అన్నాడు. అంతే. తర్వాత అతను ఏడ్చాడు, నేను ఏడ్చాను. ఈసారి ఆ ఏడుపు మట్టి తొక్కినప్పటి ఏడుపులా లేదు.

మంత్రగాడు రాకుండా ఉంటాడా, అమావాస్యకి వచ్చాడు. కొత్త కుండ, నిమ్మకాయలు, కోడి... అన్నీ సిద్ధం. సాల చుట్టూ తిరిగాడు. లోపలికి తొంగి చూశాడు. వాసన పట్టాడు. మంగ నెమరు వేస్తూ పడుకుని ఉంది. ఇక్కడున్న గాలి దారి చూసుకుని వెళ్ళిపోయింది, నాకు పనిలేదు అన్నాడు. కోడిని మాత్రం పట్టుకుపోయాడు. కుండ నాకు మిగిలింది, అందులో చింతపండు పెట్టుకున్నాను.

ఊరంతా సంతోషించారు. చిన్నత్త అయితే, మా అక్కకి మోక్షం వచ్చిందని కొబ్బరికాయ కొట్టింది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. అంటే నువ్వు లోపల ఉన్నట్టూ, పశువుల్ని పీడించినట్టూ, ఇప్పుడు పోయినట్టూ ఒప్పుకున్నారన్నమాటే కదా! నా అత్త ఎప్పుడూ అక్కడ లేదు, ఉన్నది ఉక్క అని అరవాలనిపించింది. నీ కొడుకు వద్దని చేత్తో సైగ చేశాడు.

నిజం చెప్పాలంటే నాకూ తర్వాత అనుమానం వచ్చింది. దారి లేక చిక్కుకుపోయింది, దారి ఇస్తే పోయింది అన్నాడు వాడు. నేను అన్నదీ అదే కదా? మా ఇద్దరికీ తేడా ఎక్కడుంది?

మంగ సంగతి చెప్పనే లేదు. గాలివాన వస్తే సందులోంచి జల్లు కొడుతుంది. అది నీ కొడుకు భయం, నేను కాదనను. తాటాకు తడకలు కట్టి పడమటి సందుకి బయట వేలాడదీశాడు. జల్లు వస్తే దించుతాం, తగ్గితే ఎత్తుతాం. తూర్పుది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గవాక్షం కూడా మళ్ళీ తీశాడు. మూత్రం నిలవకుండా వాలు చేసి కాలువ కొట్టాడు, ఏటి ఇసుక పరిచాడు. ఇదంతా అతనే చేశాడు, నేను చెప్పలేదు. ఈసారి మట్టి తొక్కుతూ పాట కూడా పాడాడు. గొంతు బాగాలేదు, నీకు తెలుసు కదా.

సాయంత్రం తోలక్కర్లేదు ఇప్పుడు. మంగే ముందు వెళ్ళి దాని చోట నిలబడుతుంది. కళ్ళంట నీళ్ళు లేవు. ముసురు రోజే ఈనింది. ఆ రోజంతా నా ప్రాణం నా దగ్గర లేదు, దూడ ఎక్కడ దగ్గుతుందో అని. పెయ్యదూడ, అత్తా! నల్లగా, నిగనిగలాడుతూ. ముసురు పోయి ఎండ కూడా వచ్చింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇప్పుడు అడుగుతాను. ఏ గాలికి వదలమన్నావు ఆ సందు?

దూడ మెడకి నల్లతాడు కట్టి, గవ్వ గుచ్చి, దిష్టి తీసినది నువ్వే. అంటే ఆ గాలి నీ లెక్కలో ఉంది. ఆ సందు కింద మొహం ఎత్తి, కళ్ళు మూసుకుని, "ఇది తూరుపు గాలి, ఈయేల వాన రాదు" అన్నదీ నువ్వే. అంటే ఈ గాలీ ఉంది. పొద్దున్న తలుపు తీసి పక్కకి తప్పుకున్నప్పుడు నువ్వు దేనికి దారిచ్చావు? దేనికి భయపడ్డావు? అసలు భయపడ్డావా? లేక రెండిటికీ నీ దగ్గర ఒకటే మాటా, ఒకటే దారా?

నువ్వుంటే, "ఏటోలే గుంటా, పేడ తియ్యి ముందు" అనేదానివి. అంతకు మించి చెప్పేదానివి కాదు. నాకు తెలుసు.

ఒక్క మాట ఇస్తున్నాను. నేను ఉన్నంతవరకు ఆ సందు ఎవరినీ మూయనివ్వను. కొడవలి కూడా పెట్టనివ్వను, నీలాగే లాగి వాకిట్లో పారేస్తాను. పొద్దున్నే తలుపు తీసి పక్కకి తప్పుకుంటాను. ఎవరైనా ఎందుకని అడిగితే గాలికి అంటాను. ఏ గాలికి అని అడిగితే మాత్రం చెప్పను. తెలిస్తే కదా చెప్పడానికి.

ఇందాక ఇదంతా గట్టిగా చదివాను. మంగ వినలేదు, గడ్డి తింది. దూడ మాత్రం చూరు వైపు ముట్టె ఎత్తి వాసన పట్టింది. ఎక్కడి నుంచో కాస్త గాలి వచ్చింది. దాని చెవి కదిలింది.

నువ్వు ఏ గాలివైనా సరే అత్తా, దారి తెరిచే ఉంది. వస్తూ పోతూ ఉండు.

నీ గుంట